గోడకవతలి పుదీనా

మొన్న మా కింది వాటాలో ఉండే కోడలుపిల్ల మేడెక్కి వచ్చి తన ఫోనులో ఒక వీడియో చూపించింది. పాలు లేని టీ చేసుకునే పద్ధతి అందులో ఎవరో ఓపిగ్గా వివరిస్తున్నారు. అల్లం తురిమి, గుప్పెడు పుదీనా ఆకులు వేసి, రెండూ కలిపి తెర్లేదాకా మరిగించి, గాజు గ్లాసులోకి వడపోసి, పైన ఒక ఆకు అలంకారంగా వేశారు. పాల టీ మానెయ్యమని డాక్టరు నాతో అన్న సంగతి ఎప్పుడో మాటల మధ్య చెప్పాను, ఆ పిల్ల దాన్ని గుర్తు పెట్టుకుని మరీ వచ్చింది. "సూడండాంటీ, ఇది హెర్బల్ టీ అంట, మీకు మంచిదంట" అని చెబుతూండగానే కింద కుక్కరు కూత పెట్టింది, ఆ పిల్ల రెండేసి మెట్లు దిగుతూ వెళ్ళిపోయింది. పుదీనాని అలా మరిగించకూడదమ్మా అని చెబుదామనుకున్నాను కానీ, నేను నోరు తెరిచేసరికి మెట్ల మీద ఎవరూ లేరు.

అరసవల్లి గుడికి వెళ్ళే దారిలో ఆటోల రొద వినిపిస్తూ ఉండే ఈ మేడ మీది రెండు గదుల్లో నేను ఒక్కదాన్నే ఉంటున్నాను. రిటైరై చాలా కాలమైంది. రోజు మొత్తమ్మీద నేను మాట్లాడే మాటలు పాలవాడితో రెండు, కూరలమ్మితో నాలుగు, అంతే. ఆ రోజు కూరలమ్మి దగ్గర పుదీనా కట్ట కొన్నాను. పొయ్యి దగ్గర నిలబడి కాడల నుంచి ఆకులు తుంచుతూంటే వేళ్ళకి ఆ వాసన పట్టుకుంది. అంతే, నేను శ్రీకాకుళంలో లేను. గజపతినగరంలో, ఒక పాత పెంకుటింటి పెరట్లో, ఇరవై రెండేళ్ళ పంతులమ్మనై నిలబడి ఉన్నాను.

నాన్న పోయిన ఏడాదే నాకు అక్కడ ఉద్యోగం వచ్చింది. నాన్న పిల్లలకి సంగీతం చెప్పి మమ్మల్ని పోషించినవాడు. మా ఇంట్లో తెల్లవారి లేస్తే ఎవరో ఒకరు శ్రుతి పెట్టి పాడుతూనే ఉండేవారు, ఒకళ్ళు ఆపితే ఒకళ్ళు అందుకునేవారు, ఆ హోరులోనే మేము చదువుకున్నాం, అన్నాలు తిన్నాం, నిద్రపోయాం. అలాంటి ఇంట్లోంచి వచ్చి, ఊరు కాని ఊళ్ళో, ట్రంకు పెట్టె, పరుపుచుట్ట పక్కన పెట్టుకుని ఒంటరిగా కూర్చున్న మొదటి సాయంత్రం నాకు ఇప్పటికీ మరపు రాదు. అమ్మ దగ్గర తమ్ముళ్ళిద్దరూ ఉన్నారు, వాళ్ళ చదువులు ఉన్నాయి, నేను పంపకపోతే గడవదు. ఏడవడానికి కూడా వీలు లేని వయసు అది. నా ఈడువాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు, మనలో చాలామందిమి అలా ట్రంకు పెట్టెల మీద కూర్చునే పెద్దవాళ్ళమయ్యాం.

నేను అద్దెకున్నది ఒక పెద్దావిడ ఇంట్లో, వీధి వైపు గదిలో. ఆవిడని నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. వయసు అరవై దాటి ఉంటుంది, భర్త పోయాడు, ఉన్న ఒక్క కూతురినీ రాయగడ వైపు ఇచ్చారు. పొలం కౌలుకిచ్చేసి, ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. ఇల్లంటే సగం ఇల్లు. ఒకప్పుడు పొడుగ్గా ఉన్న ఒకే ఇంటికి నట్టనడుమ గోడ కట్టేశారు. ఆ గోడ వీధరుగు దగ్గర మొదలై, నట్టింటిని చీల్చుకుంటూ, పెరట్లోకి నడిచి, చివరికి నూతిని కూడా వదలకుండా దాని నోటి మీదుగా పోయింది. నుయ్యి ఒక్కటే, నీళ్ళు ఒక్కటే, గోడకి ఇటు ఒక గిలక, అటు ఒక గిలక. ఇటు నుంచి తోడుకుంటూంటే అటు చేద నీళ్ళలో మునిగిన చప్పుడు వినబడేది కానీ, తోడే మనిషి కనబడేది కాదు.

ఆ పక్క సగంలో ఉండేది పెద్దమ్మ తోడికోడలు. తోడికోడలిని ఆ ప్రాంతంలో యారాలు అంటారు. నేను చిన్నమ్మా అని పిలిచిన ఆవిడకీ భర్త లేడు, పిల్లలు అసలే లేరు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకే కప్పు కింద, ఒకే నూతి నీళ్ళు తాగుతూ, పదేళ్ళకు పైగా ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఉన్నారని వీధిలో వాళ్ళు నాకు వచ్చిన వారంలోనే చెప్పేశారు. ఎందుకని అడిగితే మాత్రం, ఆ గొడవలు నీకెందుకు పంతులమ్మా అన్నారు. ఆ పక్క వాకిట్లో ఆవిడ ముగ్గు పెడుతూ కనిపిస్తే నేను తల వంచుకుని బడికి పోయేదాన్ని. ఇంటావిడకి పడని మనిషితో మాట్లాడితే ఉన్న ఒక్క గదీ పోతుందేమోనని భయం.

ఆ ఏడాది వానలు పట్టుకుని వదల్లేదు. ముసురులో తడుస్తూ బడికి నడిచి, తడి చీరతోనే పాఠాలు చెప్పి, నాకు దగ్గు పట్టుకుంది. గొంతు బొంగురుపోయి, చివరికి మాటే రాకుండా పోయింది. పిల్లలకి సైగలతో ఎక్కాలు చెబుతూంటే వాళ్ళకి అదొక ఆటయిపోయింది. పెద్దమ్మ రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు నా గది గుమ్మంలో నిలబడి, "ఓలమ్మ, అలగ కుక్కలాగ దగ్గుతన్నావేటి? లోపలికి రా" అని పిలిచింది. అద్దెకు దిగాక ఆవిడ వంటింట్లోకి నేను వెళ్ళడం అదే మొదలు.

పెరట్లో గోడ నీడన చెమ్మగా ఉండే చోట ఆవిడ అల్లం, పసుపు పెంచేది. అప్పటికప్పుడు ఒక కొమ్ము తవ్వి, కడిగి, పొట్టు గీకి, కల్వంలో వేసి కచ్చాపచ్చాగా దంచింది. నీళ్ళు కాగాక అందులో వేసి, నాలుగు మిరియాలు చితక్కొట్టి, నల్లబెల్లం ముక్క వేసి, సగానికి మరిగించింది. అందులో టీ ఆకు లేదు, పాలు లేవు, అయినా ఆవిడ దాన్ని టీనీళ్ళనే అనేది. ఒక్క గుక్క తాగేసరికి నా గొంతులో నిప్పు కణిక దిగినట్టయింది, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆవిడ నన్నే చూస్తూ, "కారంగా ఉన్నాదేటి? రెండు పుదీనా ఆకులు పడితే గొంతు సల్లబడును" అని, ఆ మాట అన్నందుకు తనే కంగారుపడ్డట్టు పెరటి గోడ వైపు చూసి, కల్వం కడుక్కోడానికి లేచిపోయింది.

పుదీనా ఎక్కడ దొరుకుతుందో నాకు మర్నాడు పొద్దున్నే తెలిసింది. చిన్నమ్మ ఇంటి ముందు నుంచి పోతూంటే, వీధి తలుపు తెరిచి ఉండి, ఆ చివర పెరటి గుమ్మంలోంచి నూతి గట్టు కనిపించింది. తోడిన నీళ్ళు జారి పారే చోట నేలంతా అల్లుకుని పచ్చటి పుదీనా. నేను బుద్ధి తక్కువై అడిగానో, జబ్బు ధైర్యమో, గుమ్మం దగ్గర ఆగి, రాని గొంతుతో, రెండు రెబ్బలు ఇస్తారా అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. సన్నగా, పొడుగ్గా, పెద్దమ్మకన్నా పదేళ్ళు చిన్నదిగా ఉంటుంది.

"ఎవులికి?" అంది.

నాకేనని గొంతు చూపించాను. ఆవిడ పెరట్లోకి వెళ్ళి, రెండు రెబ్బలు కాదు, గుప్పెడు తుంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. "అల్లం దండిగా ఏసేసిందా? ఆవిడెప్పుడూ అంతే, మనిషికి మంచి సేద్దారని సెప్పి గొంతు కాల్సేస్తాది. ఈ ఆకు పొయ్యి మీద ఉండగా ఎయ్యొద్దని సెప్పు. దింపేసి, మూత ఎట్టి, అప్పుడు" అంది. చెప్పేసి, చెప్పు అన్నది ఎవరికో తనకే స్ఫురించిందేమో, ముఖం తిప్పుకుని తలుపు దగ్గరగా వేసేసింది.

నేను ఆ పుదీనా తెచ్చి పెద్దమ్మ ముందు పెడితే ఎక్కడిదని ఆవిడ అడగలేదు. దాన్ని చేతిలోకి తీసుకుని ఒకసారి వాసన చూసింది. ఆ సాయంత్రం టీనీళ్ళు మరిగించి దింపి, నేను చెప్పకుండానే, ఆకులు చేత్తో నలిపి వేసి మూత పెట్టింది. ఆ పద్ధతి ఆవిడకి ముందే తెలుసు. అప్పుడు తాగాను. లోపలికి దిగేటప్పుడు వేడి, దిగాక చల్లదనం. ఆ రుచి ఎలా ఉంటుందో చెప్పడం నాకు ఇన్నేళ్ళయినా చేత కాలేదు. ఎండన పడి నడిచొచ్చి చల్లటి అరుగు మీద కూర్చున్నట్టు ఉంటుంది, అంతవరకే చెప్పగలను.

అలా మొదలైంది. వారంలో నా గొంతు బాగుపడింది, దగ్గు పోయింది, కానీ టీనీళ్ళు ఆగలేదు. ఒక రోజు చిన్నమ్మ పుదీనా ఇస్తూ, తనకీ ఈ మధ్య ఒళ్ళు బరువుగా ఉంటోందని, అల్లం ముక్క బజారులో మంచిది దొరకడం లేదని, నన్ను కాక గుమ్మాన్ని చూస్తూ అంది. నేను వచ్చి ఆ మాట పెద్దమ్మతో అంటే, ఆవిడ విననట్టే ఊరుకుని, మర్నాడు నేను బడికి బయలుదేరే వేళకి, కడిగి ఆరబెట్టిన అల్లం కొమ్ము ఒకటి నా గది గడప మీద పెట్టింది. నాకేనా అంటే, "నీకు దగ్గు గదా" అంది. నాకు దగ్గు లేదని ఆవిడకి తెలుసు. చిన్నమ్మకీ తెలుసు. అయినా ఆ దగ్గుని ముగ్గురం కలిసి చాలా కాలం బతికించాం.

పొద్దున్న వెళ్ళేటప్పుడు అల్లం ఇటు నుంచి అటు, సాయంత్రం వచ్చేటప్పుడు పుదీనా అటు నుంచి ఇటు. వాటి వెంట మాటలూ వచ్చేవి, ఒకరి పేరు ఒకరు ఎత్తకుండా. రాయగడలో ఉన్న గుంట నీళ్ళోసుకుందంటగా, నిజమేనా అని పెద్దమ్మ కూతురి కడుపు సంగతి చిన్నమ్మ అడిగేది. ఆ పక్క పెంకులు దిగిపోతే వానకి ఏటి సేస్తన్నాదో అని పెద్దమ్మ గోడతో అనేది. నేను బడి నుంచి వచ్చేసరికి ఇద్దరూ చెరో గుమ్మంలో నిలబడి ఉండేవారు. ఒకరికొకరు కనబడకుండా, ఇద్దరూ వీధి మలుపు వైపు, నా దారే చూస్తూ. ఊరు కాని ఊళ్ళో నాకోసం ఎదురు చూసే మనుషులు ఇద్దరున్నారని ఆ మలుపు తిరిగినప్పుడల్లా నాకు ఎంత బలంగా ఉండేదో! ఆ రోజుల్లో నేను అమ్మకి రాసిన ఉత్తరాలు పొట్టివి, వాటిలో దిగులు మాట రాలేదు.

గొడవ ఏమిటో కూడా చివరికి చిన్నమ్మే చెప్పింది, పుదీనా కాడలు గిల్లుతూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు. పెద్దమ్మ కూతురిని పురిటి గుడ్డుగా ఉన్నప్పటి నుంచి ఎత్తుకుని పెంచింది తనేనట. స్నానం పోయడం, జడ వెయ్యడం, అన్నం పెట్టడం అన్నీ తనే. ఆ పిల్ల పెళ్ళికి పసుపు కొట్టే రోజున, రోకలి ముందుగా తను అందుకుందిట. మగపెళ్ళివారి తరఫు ముసలమ్మ ఒకావిడ, పిల్లల్లేని చెయ్యి ముందు పడకూడదు, రోకలి కింద పెట్టమందిట అందరి ముందరా. "ఆవిడెవులో, ఆవిడన్నాదని నాకు బాధ నేదమ్మా. మా అప్ప అక్కడే ఉన్నాది. ఒక్క మాట అన్నేదు. నేలకేసి సూస్తా నిలబడిపోనాది" అంది. అప్ప అంటే అక్క, పెద్దమ్మని ఆవిడ అలాగే పిలిచేది. చిన్నమ్మ రోకలి కింద పెట్టి వచ్చేసింది. పెళ్ళికి కూడా వెళ్ళలేదు. తరువాత మగవాళ్ళు మాటా మాటా అనుకుని గోడ లేపారు. గోడ లేపిన అన్నదమ్ములిద్దరూ ఒకరి తరువాత ఒకరు పోయారు, గోడ మాత్రం ఉండిపోయింది.

మార్గశిరం చలి రోజుల్లో ఒక సోమవారం పొద్దున్న నేను నూతి దగ్గర ముఖం కడుక్కుంటున్నాను. ముందు రోజు బడి లేక నేను వీధిలోకే పోలేదు. పెద్దమ్మ చేంతాడు చేత్తో పట్టుకుని, నీళ్ళు తోడకుండా, గోడకి చెవి పెట్టినంత పని చేస్తూ నిలబడింది. ఏమిటన్నట్టు చూశాను.

"ఆ పక్క గిలక సప్పుడు నేదు. నిన్న సాయంత్రం కూడా నేదు" అంది. "పంతులమ్మా, బేగెల్లి సూడు, తల్లీ."

నేను వీధిలోంచి పరుగెత్తి తలుపు తట్టాను. ఎంతసేపటికో గడియ తీసిన చప్పుడైంది. చిన్నమ్మ గోడ పట్టుకుని నిలబడలేక నిలబడి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. గుండెల్లో కఫం పట్టి, ఊపిరి తీస్తూంటే పిల్లికూతలు వినబడుతున్నాయి. మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, పెరట్లోకి వెళ్ళి పుదీనా తుంచుకుని, ఇంటికి పరుగెత్తి వచ్చాను. పెద్దమ్మ అప్పటికే పొయ్యి రాజేసి అల్లం దంచుతోంది. బెల్లం ఒక ముక్క వేసి, ఆగి, ఇంకో ముక్క వేసింది. నేను ఆ గ్లాసు చీరకొంగుతో పట్టుకుని, ఒలకకుండా వీధిలోంచి తీసుకెళ్ళాను. గోడ లేకపోతే నాలుగు అంగలు ఉండే దూరం.

చిన్నమ్మ నా భుజానికి ఆనుకుని ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుంది. "బెల్లం రెండు ముక్కలు ఏసినాది" అంది. "నాకు తీపెక్కువ గావాలని మర్సిపోనేదు." ఆవిడ కళ్ళ చివర నుంచి నీళ్ళు చెంపల మీదికి జారిపోయాయి.

ఆ రోజు మా బడి తనిఖీ ఉంది. సెలవు పెట్టడానికి లేదు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంటికి వచ్చి పెద్దమ్మని బతిమాలాను. నేను వచ్చేదాకా ఆవిడ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి, మీరు వెళ్ళండి పెద్దమ్మా అన్నాను. ఆవిడ పొయ్యి ముందు నుంచి కదల్లేదు. "ఏ మొగం ఎట్టుకుని ఎల్తాను? ఆ రోజు నోరిప్పనిదాన్ని, ఈ రోజు నాను ఏటని పలకరిస్తాను?" అంది. దారిలో కాంపౌండరుగారి ఇంటికి వెళ్ళి చిన్నమ్మని చూడమని చెప్పి, బడికి పోయాను. ఆ రోజు తనిఖీకి వచ్చిన ఆయన ఏం అడిగారో, నేను ఏం చెప్పానో ఒక్క ముక్క గుర్తు లేదు. బయట గంట కొట్టినప్పుడల్లా వీధి వైపే చూసేదాన్ని.

సాయంత్రం మలుపు తిరిగితే గుమ్మాల్లో ఎవరూ లేరు. పెద్దమ్మ సగం ఇల్లు తలుపులు బార్లా తెరిచి ఉంది, పొయ్యి ఆరిపోయి ఉంది, మనిషి లేదు. నేను పక్క గుమ్మంలోకి పరుగెత్తాను. నట్టింట్లో మంచం మీద చిన్నమ్మ పడుకుని ఉంది, తల పెద్దమ్మ ఒళ్ళో ఉంది. పెద్దమ్మ ఆవిడ జుట్టు చిక్కు తీస్తోంది. కింద నేల మీద రెండు గ్లాసులు, అడుగున పుదీనా ఆకులు అంటుకుని ఉన్నాయి. అల్లం మొక్క ఆకుపచ్చ కాడలతో సహా మంచం పక్కన పడి ఉంది, తవ్వడానికి కూడా ఓపిక లేక లాక్కొచ్చేసినట్టుంది. ఇద్దరి కళ్ళూ వాచి ఉన్నాయి.

వాళ్ళు ఆ పగలు ఏం మాట్లాడుకున్నారో నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ గడపలో నిలబడి నేను ఏడ్చాను, సంతోషంతోనే. "వచ్చినావా పంతులమ్మా, మందిచ్చి ఎల్లినాడు ఆ బాబు, పరవానేదన్నాడు. కాళ్ళు కడుక్కో, గిన్నెలో అన్నం ఉన్నాది తిను" అంది పెద్దమ్మ. చిన్నమ్మ నా వైపు చూసి నవ్వి, మళ్ళీ కళ్ళు మూసుకుంది. నేను వెళ్ళి పెద్దమ్మ సగంలో, ఆరిన పొయ్యి పక్కన కూర్చుని, ఒక్కదాన్నే అన్నం తిన్నాను.

చిన్నమ్మ కోలుకుంది. సంక్రాంతి లోపల తాపీమేస్త్రీ వచ్చి నట్టింటి గోడకి మనిషి పట్టేంత దారి కొట్టాడు. ఆ ఇంట్లోకి ఎంత సందడి వచ్చిందో చెప్పలేను. పదేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి బయట పడ్డట్టు ఇద్దరూ పొద్దస్తమానం మాట్లాడుకునేవారు. చచ్చిపోయిన అత్తగారిని తిట్టుకునేవారు, మొగుళ్ళని తలుచుకుని నవ్వుకునేవారు, "ఒసే, ఉప్పు ఏసినావా?" అని ఒకరు కేకేస్తే "నువ్వెయ్యలేదేటి అప్పా?" అని ఇంకొకరు. వంట ఒక పొయ్యి మీదకి మారింది, చిన్నమ్మ సగంలోకి. రాయగడ నుంచి కూతురు పసివాడిని ఎత్తుకుని వచ్చి, ముందు చిన్నమ్మ ఒళ్ళో పడుకోబెట్టింది. ఆ రోజు ఆవిడ ముఖం చూసినవాళ్ళెవరూ ఆ గోడ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

నన్ను వాళ్ళు ఏ రోజూ వేరుగా చూడలేదు. టీనీళ్ళు కాచిన ప్రతిసారీ నాకు ఒక గ్లాసు ఉండేది. కానీ నేను మలుపు తిరిగేటప్పుడు గుమ్మాల్లో ఎవరూ ఉండేవారు కాదు. ఉండాల్సిన పని లేదు. అల్లానికీ పుదీనాకీ నా చేతులు అక్కర్లేదు, మాటలకి నా నోరు అక్కర్లేదు. నేను గదిలో పిల్లల పుస్తకాలు దిద్దుకుంటూంటే లోపలి నుంచి నవ్వులు వినబడేవి, ఎందుకు నవ్వుతున్నారో తెలిసేది కాదు. వెళ్ళి కూర్చుంటే చోటు ఇచ్చేవారు, ఏమిటా నవ్వులని అడిగితే, "ఏటో పాత సంగతిలేమ్మా" అనేవారు. ఆ పాత సంగతుల్లో నేను లేను. అప్పుడు తెలిసింది, మా ముగ్గురికీ ఉన్న చుట్టరికం ఆ గోడే అని. వాళ్ళ సంతోషానికి నాకు సంతోషమే, ఇప్పుడు తలుచుకున్నా సంతోషమే. కానీ ఆ ఏడాది ఎండాకాలంలో నేను అమ్మకి రాసిన ఉత్తరాలు మళ్ళీ పొడుగయ్యాయి.

మరుసటి వానల్లో నాకు నిజంగానే దగ్గు వచ్చింది. లోపలి నుంచి పెద్దమ్మ కేకేసింది, "పంతులమ్మా, అల్లం గూట్లో ఉన్నాది, పుదీనా కోసుకుని పెట్టుకో తల్లీ, నీకు తెలుసు గదా" అని. వాళ్ళిద్దరూ అప్పుడు మనవడికి బొంత కుడుతున్నారు. తెలుసుననుకుని కాచుకున్నాను. ఇన్నాళ్ళూ మోసిన చెయ్యే కానీ కాచిన చెయ్యి కాదు నాది. తొందరపడి ఆకు పొయ్యి మీద ఉండగానే వేసేశాను. చేదు. ఒక గుక్క తాగి, మిగిలింది ఎవరూ చూడకుండా పుదీనా మొక్కల్లోనే పారబోశాను. తరువాత నెమ్మదిగా, నాకు నేనే, ఒక్క గ్లాసు కొలతకి కాచుకోవడం నేర్చుకున్నాను.

ఆ తరువాత శ్రీకాకుళం బదిలీ అయింది. ఇద్దరూ బస్సు దాకా వచ్చారు. ఒకరు అల్లం, ఒకరు తడిగుడ్డలో చుట్టిన పుదీనా వేళ్ళు ఇచ్చి, ఒకరి మాట మీద ఒకరు జాగ్రత్తలు చెప్పారు. బస్సు కదిలాక వెనక్కి చూస్తే, ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రోడ్డు దాటుతున్నారు. ఆ చిత్రం నా కళ్ళలో అలాగే ఉంది. నా జీవితం ఇక్కడే గడిచింది. తమ్ముళ్ళు స్థిరపడ్డారు. నాకు సంబంధాలు వచ్చాయి, వాయిదా పడ్డాయి, తరువాత రావడం మానేశాయి. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మ, ఆ తరువాత ఎవరూ లేరు.

పెద్దమ్మ పోయిందని నాకు ఆలస్యంగా తెలిసింది. వెంటనే బస్సెక్కి వెళ్ళాను. చిన్నమ్మ బాగా వంగిపోయింది. నట్టింటి గోడలో కొట్టిన దారి దగ్గర, అటూ కాక ఇటూ కాక, చాప వేసుకుని కూర్చుంది. నన్ను చూడగానే లేచి, వద్దంటున్నా వినకుండా టీనీళ్ళు కాచింది. తాగుతూ, ఆవిడతో కలిసి ఉన్న రోజులు ఎంత బాగుండేవో అని నేను ఏదో ఊరడింపుగా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"కలిసున్న రోజులు సరేనమ్మా. అవి పోయినందుకు ఏడుస్తాను, అది వేరు. నాకు ఇప్పుడు ఆ మాటాడని పదేళ్ళే ఎక్కువ గుర్తొస్తన్నాయి. కోపంతోటి పడుకునేదాన్ని, కోపంతోటి లేసేదాన్ని. అయినా ఆ పక్క ఆవిడ ఉన్నాదని తెలుసు గదా. ఉన్నాది కాబట్టే గదా కోపం. ఇప్పుడు ఎవులి మీద కోపం తెచ్చుకోను?"

నేను ఆ రాత్రి, మర్నాడు ఆవిడ దగ్గరే ఉన్నాను. నాతో వచ్చెయ్యమని అడిగాను. ఇల్లు ఒగ్గి రాలేనంది. రెండేళ్ళలో ఆవిడా వెళ్ళిపోయింది. ఇల్లు అమ్మేశారని తరువాత విన్నాను, మళ్ళీ ఆ వీధిలోకి నేను పోలేదు.

ఇప్పుడు మనం ఉంటున్న ఇళ్ళలో గొడవలు తక్కువ. అందరూ మంచివాళ్ళే. కింది వాటా వాళ్ళు పండక్కి గారెలు పంపుతారు, పై వాటా వాళ్ళు మెట్ల మీద ఎదురైతే బాగున్నారా అంటారు, నేనూ బాగున్నానంటాను. ఒకరి మాట ఒకరికి తగలదు, తగిలేంత మాట ఎవరూ అనరు. పసుపు కొట్టే దగ్గర ఎవరి చెయ్యి ముందు పడిందని బాధపడే రోజులు పోయాయి, పోవడం మంచిదే. ఆ రోజు చిన్నమ్మ పడ్డ అవమానం మళ్ళీ ఏ ఆడదీ పడకూడదు. మేలు జరగలేదని నేను అనను.

కానీ ఈ మధ్య సాయంత్రాలు వరండాలో ఒక్కదాన్నే కూర్చుని లెక్క చూసుకుంటూంటాను. నన్ను ఇష్టపడేవాళ్ళు కొందరు ఉన్నారు, గౌరవించేవాళ్ళు చాలామంది ఉన్నారు, రోడ్డు మీద కనిపిస్తే చేతులెత్తి దండం పెట్టే పాత విద్యార్థులు ఉన్నారు. నా మీద కోపంతో పదేళ్ళు మాట్లాడకుండా ఉండగలిగేంత దగ్గరివాళ్ళు మాత్రం ఎంత వెతికినా ఒక్కరూ కనబడరు.